జిగురు అంటని కాలు

కెల్లు పగులును ముందు ముట్టుకోదు. బకెట్టు కానీ, నమాజుకి ముందు కడుక్కునే వజూ చెంబు కానీ, కుర్చీ కానీ, ఎవరు ఏది తెచ్చినా వీధి గది గుమ్మం వైపు ఎత్తి పట్టుకుని వెలుతురులోకి చూస్తుంది. పగులులోంచి బిర్ని పేట ఎండ సన్నగా దూరి ఆమె చెంప మీద ఒక గీతలా పడుతుంది. ఆ గీత ఎక్కడ మొదలైంది, ఎటు వంగింది, ఎక్కడ అలిసిపోయి ఆగింది అని చూస్తూ ఉండిపోతుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు చుక్క వాన పడని జిందేర్ ఊళ్ళో పుట్టింది కాబట్టో ఏమో, ఆమె కంటికి పగుళ్ళన్నీ ఏర్లలాగే ఉంటాయి. పెద్ద ఏరు, దానిలో కలిసే పిల్ల ఏర్లు, ఇసుకలో ఇంకిపోయే చివర. ఒక్కోసారి ఆ ఒడ్డు వెంబడే నడుస్తూ ఎటో వెళ్ళిపోతుంది. తెచ్చినవాళ్ళు దగ్గుతారు.

"ఏమ్మా, బకెట్లో బావి కనిపించిందా?"

"కనిపించింది. తోడుకుందామనుకునేలోపు నువ్వు అడ్డమొచ్చావు," అంటుంది కెల్లు, ఎక్కణ్ణుంచో తిరిగొచ్చి.

ఆమె తండ్రి సొరబుర్రలు కుట్టేవాడు. పగిలిన బుర్రకు అటూ ఇటూ ఆరతో రంధ్రాలు పొడిచి, నార తడిపి, జడ అల్లినట్టు కుట్టేవాడు. నార ఆరి బిగుసుకున్నాక అందులో పాలు పోసినా కారేవి కావు. తర్వాత ఊళ్ళోకి ప్లాస్టిక్ వచ్చింది. బుర్రలు ఒక్కొక్కటే గోడలెక్కాయి. తండ్రి పోయాక ఆయన ఆర పట్టుకుని కెల్లు అదే గదిలో అదే మూల చాప వేసుకుంది. భర్త ఉన్నన్నాళ్ళూ కూర్చుంది, పోయాకా కూర్చుంది. ఇద్దరు కూతుళ్ళకూ పెళ్ళిళ్ళై మరాదీ వెళ్ళిపోయాకా కూర్చుంది.

ఈ పనిలో ఆమెకు మొదటి ఏడాదే తెలిసిన సంగతి ఒకటుంది. ప్లాస్టిక్‌లో రెండు జాతులు. అంచు నుంచి గోరంత చెక్కి నీళ్ళ గిన్నెలో వేస్తే ఒకటి మునుగుతుంది, ఒకటి తేలుతుంది. మునిగేది మెత్తని మనసుది. రేడియో పెట్టెలు, టార్చిలైట్లు ఆ జాతి. పగులులో రెండు చుక్కలు, ఆ వేళ్ళు అంటుకుపోయే జిగురు, పోసి పొయ్యి బూడిద చల్లితే రాయిలా గట్టిపడుతుంది. తేలేది పొగరుబోతు. బకెట్లు, నీళ్ళ క్యాన్లు, చెంబులు అన్నీ ఆ జాతే. ఎంత కడిగినా ఒంటికి నూనె రాసుకున్నట్టే ఉంటుంది. ఏ జిగురూ పట్టదు. పట్టినట్టు నటిస్తుంది, మర్నాడు పొరలా ఊడొస్తుంది. దాన్ని కాల్చిన కత్తితో కరిగించి అతకాలి.

ఆ వేసవి చివర, మేఘం పట్టడమే తప్ప కురవని రోజుల్లో, దాదో వచ్చింది. పాలమ్మే ఫులానీ మనిషి. నెత్తి మీద పాలబుర్ర లేదు. గుడ్డలో చుట్టిన పొడుగాటిదేదో ఉంది.

"ఒసేయ్ బానిసా, లే. నీ దొరకి కాలు విరిగింది."

"దొరా? మా తాత మీ తాతని ఒక మేకపిల్లనిచ్చి కొన్నాడే. తర్వాత లెక్క చూసుకుంటే మేకే నయమనిపించిందట."

"ఆ మేక పాలు తాగే మీ కనూరీలకి ఆ మాత్రం తెలివొచ్చింది. జరుగు, కూర్చోనీ."

కెల్లు తెగ కనూరీలకూ, దాదో తెగ ఫులానీలకూ వరస కలుస్తుంది. ఎవరు కలిపారో ఎవరికీ గుర్తు లేదు. ఎదురుపడితే చాలు ఒకరినొకరు బానిస అనుకోవాలి, తిండిపోతని తిట్టుకోవాలి, కోపం మాత్రం రాకూడదు. చావింట్లో కూడా అంతే. కెల్లు భర్త పోయిన రోజున దాదో వచ్చి, ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య చతికిలబడి, "నీ చేతి వంట తప్పించుకోడానికి ఇంతకన్న దారి దొరకలేదే పాపం," అంది. కెల్లు ఆ ఏడుపులోనే నవ్వింది. నవ్వాక గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. ఇద్దరికీ ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఆ ముప్ఫై ఏళ్ళలో ఒకరితో ఒకరు ఒక్క సూటి మాట ఆడుకున్నది లేదు.

దాదో గుడ్డ విప్పింది. లోపల కాలు ఉంది. మోకాలి కింద తొడుక్కునే గిన్నె, దాని కింద గొట్టం, చివర రబ్బరు పాదం, పాదానికి చెప్పు. దాదో మొగుడు యేరోది. పాము కరిచి కాలు పోయాక రెండు వానకాలాలు అతను మంద వెంట వెళ్ళలేక ఊళ్ళోనే మిగిలిపోయాడు. ఆ రెండేళ్ళూ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మాట తగ్గింది, తర్వాత తిండి తగ్గింది. దాదో అప్పట్లో పాలు కొలుస్తూ లెక్క తప్పేది. ఆఖరికి రాజధాని నియామేలో ఈ కాలు ఇచ్చారు. ఆరేళ్ళుగా దీని మీదే నడుస్తున్నాడు. మొన్న చెట్టు కింద దీన్ని విప్పి పక్కన పెట్టుకుని కునుకు తీస్తుంటే ఎద్దు తొక్కింది.

కెల్లు కాలును ఎత్తి వెలుతురుకి పట్టింది. గిన్నె వెనక అంచు నుంచి పగులు కిందకి దిగి, జానెడు వచ్చి, పక్కకి తిరిగింది. ఎండ ఆమె చెంప మీద గీత గీసింది.

"ఉత్తరాన చినుకులు పడ్డాయటే," అంది దాదో. "వారంలో మందలు కదులుతాయి. నియామే పోతే రెండు రోజుల బస్సు, ఆపైన వంతు ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. ఈసారి కూడా వీడు గోడ పక్కన కూర్చుంటే..." ఆ మాట పూర్తి చేయలేదు. "కూర్చుంటే నీ ఇంటికే తెచ్చి పడేస్తాను. తిండి నువ్వే పెట్టాలి."

కెల్లు అంచు నుంచి చిన్న చెక్కు తీసి నీళ్ళ గిన్నెలో వేసింది. అది రెండు సార్లు గుండ్రంగా తిరిగి, నీళ్ళ మీద హాయిగా పడుకుంది.

తేలింది.

కత్తి కాల్చి కరిగిద్దామంటే గిన్నె లోపలి ఆకారం వంగుతుంది. అది మోకాలి మోడుకి కొలిచి పోసిన ఆకారం. వెంట్రుకంత తేడా వచ్చినా చర్మం ఒరుసుకుని పుండవుతుంది. మిగిలింది జిగురే. ఆ జిగురు ఈ జాతికి పట్టదని చెప్పాలి. "నా వల్ల కాదు" అని చెప్పాలి. కెల్లు నోరు తెరిచింది కూడా. కానీ దాదో ముందు ఆ నోటికి అలవాటైన మాట వేరు.

ఇటుక ముక్కతో పగులు చుట్టూ గరుకుగా రుద్ది, రెండు గొట్టాల్లో విడిగా వచ్చే జిగురు సమంగా కలిపి పూసి, పైన గుడ్డ పట్టీ వేసింది. కాలు అప్పగిస్తూ అంది:

"మూడు రోజులు నేల మీద పెట్టకూడదని చెప్పు మీ ఆయనకి. పెట్టాడా, ఊడిపోతుంది, పాక్కుంటూ వచ్చి నా గొడ్లపాక ఊడుస్తాడు. అయినా ఫులానీకి నడకెందుకే, గొడ్డు తోక పట్టుకుంటే అదే లాక్కుపోతుంది."

"నీకు గొడ్లపాక కూడానా? కోడిపెట్ట లేదు ఇంట్లో," అని నవ్వుకుంటూ దాదో వెళ్ళిపోయింది.

మర్నాడు గొడ్ల సంత. యేరో నడిచి వెళ్ళాడు.

సంత మధ్యలో, కోడెదూడ పళ్ళు చూడడానికి వంగినప్పుడు కాలు విరిగింది. పదిమందిలో బోర్లా పడ్డాడు. మధ్యాహ్నానికి గాడిద బండి కెల్లు గుమ్మం ముందు ఆగింది. దాదో దిగింది. యేరో బండిలోనే కూర్చుని ఉన్నాడు. మోచేతులు గీసుకుపోయాయి. సన్నగా, పొడుగ్గా, నీడలాంటి మనిషి. కాలును ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నాడు, జబ్బు చేసిన మేకపిల్లను పట్టుకున్నట్టు.

"నీ జిగురూ నీలాంటిదేనమ్మా మరదలా," అన్నాడు. "మాటలెక్కువ, పట్టు తక్కువ."

కెల్లుకి నవ్వు రాలేదు. "మూడు రోజులు నేల మీద పెట్టొద్దన్నాను కదా."

"అన్నావట. గొడ్లపాక ఊడవమని కూడా అన్నావట. తోక పట్టుకుని పొమ్మన్నావట. అందులో ఏది నిజమనుకోవాలి నేను?"

అతను నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగాడు. కెల్లు అతని ఒళ్ళోంచి కాలు తీసుకుని లోపలికి వచ్చింది. గుడ్డ పట్టీ, జిగురూ కలిసి ఒకే ముక్కగా, పాము కుబుసంలా ఊడిపోయి ఉన్నాయి. లోపల ప్లాస్టిక్ నున్నగా, ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. పగులు మరో నాలుగు వేళ్ళు కిందకి దిగింది. ఇంకొంచెం దిగితే గిన్నె రెండు చెక్కలవుతుంది.

వాళ్ళను వరండా నీడలో కూర్చోబెట్టి, పుల్ల మజ్జిగలో సజ్జ ముద్దలు కలిపి ఇచ్చి, తను చాప మీదికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. బిర్ని ఇళ్ళ మధ్య పెద్ద పెద్ద బండలు ఎండకి మగతగా పడుకున్న పశువుల్లా ఉన్నాయి. గాలి లేదు. వీధిలో ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు దూరమై, దూరమై, మంద గిట్టల చప్పుడులా మారింది. కెల్లు కాలును ఎత్తి పట్టుకునే, గోడకు చేరగిలి, కళ్ళు మూసుకుపోతున్నా చూస్తూనే ఉంది.

మూడు రోజులు ఆగితే నిలిచేదా? నిలిచేది కాదు. నాలుగో రోజు ఊడేది. సంతలో కాకపోతే ఉత్తరాన, ఏ ఇసుక మధ్యో, నీళ్ళకి రెండు రోజుల దూరంలో. ఆ సంగతి తనకి ఆ చెక్కు తేలినప్పుడే తెలుసు. తెలిసి, సిగ్గుపడి, పరాచికం వెనక దాక్కుంది. వరస ఉన్నది నవ్వుకోవడానికి, దాక్కోవడానికి కాదు. ఈ ఆలోచన కూడా నిద్రలోనే వచ్చినట్టుంది, ఎందుకంటే అప్పటికి ఆమె ఏటి ఒడ్డున ఉంది. ఏరు ఎండిపోయి ఉంది. అవతలి ఒడ్డున తండ్రి కూర్చుని బుర్ర కుడుతున్నాడు. నార ఒక రంధ్రంలో దూరి, వెనక నుంచి తిరిగొచ్చి, తన చేతిని తనే పట్టుకుంటోంది. అది బుర్రని పట్టుకోవడం లేదు. బుర్రకి అంటుకోవలసిన పనే దానికి లేదు.

కళ్ళు తెరిచింది. వీధిలో బకెట్టు చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

జిగురు ప్లాస్టిక్‌ని పట్టుకోకపోతే మానె. తనని తను పట్టుకుంటే చాలు. రంధ్రంలోంచి దూరి, అటూ ఇటూ మేకు తలలా పరుచుకుని గట్టిపడితే, ఎంత నున్నటి ఒళ్ళైనా జారి ఎక్కడికి పోతుంది?

కెల్లు వరండాలోకి వెళ్ళి వాళ్ళ ఎదురుగా నేల మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"యేరో గారూ, మీకో మాట చెప్పాలి. దాదో గారూ, మీరూ వినండి."

దాదో చేతిలోని గరిటె గిన్నెలో పడింది. లేచొచ్చి కెల్లు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏమైందే నీకు? ఎవరన్నా పోయారా? మరాదీ నుంచి కబురొచ్చిందా?"

"ఎవరూ పోలేదు. నిన్న నేను చేసిన పని నిలవదని నాకు ముందే తెలుసు. మీకు చెప్పలేదు. తప్పు నాది."

"అట్లా మాట్లాడకే," అంది దాదో. "తిట్టు. బానిస అను. నాకు భయమేస్తోంది."

"తిడితే నా మాట నమ్మరు మీరు. అందుకని ఈ కాలు నడిచేదాకా నేను పరాచికం ఆడను. ఇంకో దారి తోచింది. దానికి రంధ్రాలు పొడవాలి. పొడిచాక కుదరకపోతే కాలు పూర్తిగా పోతుంది. ఇప్పుడున్నట్టు నియామే తీసుకెళ్తే వాళ్ళేమైనా చేయగలరేమో. ఎటో మీరే చెప్పండి."

యేరో గోడకేసి చూశాడు. ఆ చూపు చూసి దాదో ముఖం తిప్పుకుంది.

"పొడవమ్మా," అన్నాడు. ఆ సాయంత్రం అతను కూడా మరదలా అనలేదు.

కెల్లు ముందు పగులు ఆగిన చోట ఒక గుండ్రటి రంధ్రం పెట్టింది. అక్కడితో పగులుకి దారి తెలియకుండా పోతుంది. నిప్పుల్లో కాల్చిన ఆరతో పగులుకి అటొక వరస, ఇటొక వరస రంధ్రాలు వేసింది. కాలిన మైనం వాసన వచ్చింది. లోపలి వైపు ప్రతి రంధ్రం మూతినీ కత్తి మొనతో కొంచెం వెడల్పు చేసింది, జిగురు తల అందులో ఒదిగి కూర్చోవాలని, మోడుకి గుచ్చుకోకూడదని. ఒక్కొక్క రంధ్రం దగ్గరా ఆగి, ఊదింది, వెలుతురుకి ఎత్తి చూసింది. పగులు పక్కన రెండు చుక్కల బారులు ఏటి ఒడ్డున నాటిన మొక్కల్లా ఉన్నాయి.

"గుడ్డ కావాలి. గట్టిది, మెత్తటిది," అంది.

యేరో తలపాగా విప్పాడు. ఉత్తరాది గాలులకి రంగు పోయిన గుడ్డ. వేలెడు వెడల్పు పట్టీలు చింపింది. రెండు గొట్టాల జిగురు కలిపి, రంధ్రాల్లో పోసి, ఇటు పోస్తే అటు తల వచ్చేదాకా ఆగి, ఆ తడి మీదే పట్టీలు జిగురులో ముంచి గిన్నె చుట్టూ చుట్టింది. ఒక్క చుట్టు కాదు, గిన్నె నడుము పొడుగునా, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా. చుట్టిన ప్రతిసారీ బొటనవేలితో ఒత్తి గాలి బుడగలు తీసింది. ఎండకి జిగురు త్వరగా చిక్కబడుతోంది. చివరి పట్టీ వేసేసరికి ఆమె వేళ్ళు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

కాలును వీధి గది వాసానికి తాడు కట్టి వేలాడదీసింది.

"మూడు రోజులు ఇది ఇక్కడే ఉంటుంది. మీరూ ఇక్కడే ఉండండి," అంది.

అలా యేరో మూడు రోజులు కెల్లు వరండాలో ఉన్నాడు. దాదో పొద్దున పాలు తెచ్చి, సాయంత్రం పోయేది. కెల్లుకి అవి ఉపవాసం రోజులకన్న కష్టమయ్యాయి. అతను అన్నం దగ్గర కూర్చుంటే "ఫులానీ పొట్ట అడుగు లేని బుర్ర" అనాలని నాలుక దురద పెట్టేది. మింగేసేది. "ఇంకొంచెం వేయమంటారా?" అని అడిగేది. అతను బిత్తరపోయి చాలనేవాడు. దాదో ఒకసారి గుమ్మంలో నిలబడి, "ఒక్కటి. ఒక్క తిట్టు తిట్టవే, పుణ్యముంటుంది," అని బతిమాలింది. కెల్లు తల అడ్డంగా ఊపింది. మధ్యాహ్నాలు ముగ్గురూ మాట లేకుండా వాసానికి వేలాడే ఆ కాలు వంక చూస్తూ కూర్చునేవాళ్ళు. కిటికీలోంచి గాలి కొట్టినప్పుడు అది మెల్లగా ఊగేది, ఎవరో కనబడని మనిషి గాల్లో ఒక అడుగు వేసి, ఆలోచించి, వెనక్కి తీసుకున్నట్టు.

మూడో రోజు పొద్దున తూర్పున ఎర్రటి దుమ్ము గోడ లేచింది. దాని వెనకే వాన. బండల మీద పడి ఆవిరైపోయే మొదటి చినుకులు, తర్వాత నిజమైన వాన. బిర్ని అంతా తడిమట్టి వాసన. వాన ఇంకా పూర్తిగా ఆగకముందే యేరో తమ్ముడు వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద.

"అన్నా, మంద లేచింది. వాన వాసనకి గొడ్లు ఆగడం లేదు. ఇప్పుడే రావాలి."

యేరో కాలు వైపు చూశాడు, కెల్లు వైపు చూశాడు.

"అది సాయంత్రానికి గట్టిపడుతుంది," అంది కెల్లు. "ఇప్పుడు తొడిగితే మొన్నటిలాగే."

"పైన గట్టిగానే ఉందిగా అమ్మా," అన్నాడు తమ్ముడు, వేలితో కొట్టి చూసి. "టకటకమంటోంది."

"పైన."

తమ్ముడు నవ్వాడు. "కనూరీ మాట పట్టుకుని మంద వదులుకుంటావా అన్నా? మనల్ని ఏడిపించడానికే పుట్టారు వీళ్ళు."

యేరో అతన్ని చేత్తో ఆపాడు. "నువ్వు పద. సాయంత్రం బయల్దేరి మిమ్మల్ని దారిలో కలుస్తాను. ఈమె మూడు రోజులుగా నాతో పరాచికం ఆడలేదు."

తమ్ముడు కెల్లు వంక కొత్తగా చూశాడు. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. వానలోకి వెళ్ళిపోయాడు. మంద మెడగంటలు పేట అవతల మోగుతూ, పలచబడి, ఆగిపోయాయి. యేరో చెవులు అటే పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా కెల్లు తాడు విప్పింది. జిగురు మీద గోరు పెట్టి నొక్కింది, గుర్తు పడలేదు. గిన్నె లోపల రాతితో నున్నగా రుద్ది, గుడ్డ పెట్టి తుడిచి ఇచ్చింది. యేరో మోడుకి మేజోడు తొడుక్కుని, కాలు తొడుక్కుని, గోడ పట్టుకుని లేచాడు. గోడ వదిలాడు. గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి. తర్వాత వాకిట్లోకి. తర్వాత ఇంటి వెనక తడి బండ ఎక్కాడు. దాని మీద నిలబడి, బరువంతా ఆ కాలి మీదే వేసి, ఇంకో కాలు గాల్లోకి ఎత్తాడు. దాదో కళ్ళు మూసుకుంది. కెల్లు మూసుకోలేదు. చెవి పెట్టి వింది. ఎక్కడా కిర్రుమనలేదు.

దిగి వచ్చాక కెల్లు అతని ముందు వంగి, పట్టీ అంచుల మీద వేలు పెట్టి చూపించింది. "రోజూ పొద్దున్నే ఇక్కడా, ఇక్కడా తడిమి చూసుకోండి. తెల్లటి గీత కనిపిస్తే ఆగిపోండి, గొడ్డు మీద ఎక్కి రండి. ఎండలో విప్పి పెట్టకండి. ఇది ఒక్క వానకాలానికే. తిరిగి రాగానే నియామే వెళ్ళి కొత్తది తెచ్చుకోవాలి."

"రోజూ పొద్దున్నే ఇక్కడా, ఇక్కడా," అన్నాడు యేరో, తన వేలు కూడా అక్కడే పెట్టి. "తెల్లటి గీత కనిపిస్తే ఆగాలి. ఎండలో విప్పకూడదు. తిరిగి రాగానే నియామే." పాఠం అప్పజెప్పినట్టు మళ్ళీ ఒకసారి చెప్పాడు, ఏ మాటా జారిపోకుండా.

వాళ్ళిద్దరూ సందు మలుపు తిరిగాక కెల్లు వాకిట్లోకి వచ్చింది. వాన తడికి సందు నేల మెత్తగా ఉంది. దాని మీద, దాదో అడుగుల పక్కన, యేరో రెండు చెప్పుల అచ్చులు ఉన్నాయి. కెల్లు కొంగు బిగించుకుని వాటి పక్కనే నడిచింది. ముందు రెండు మూడు అడుగుల దగ్గర ఎడమ అచ్చు లోతుగా ఉంది, అతికిన కుడి కాలి అచ్చు తేలిగ్గా, నేలని అడిగి అడిగి వేసినట్టు ఉంది. బావి దాటాక ఆ తేడా తగ్గింది. పేట చివరి పాత కోట గోడ దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకే లోతు. నీళ్ళు రెంటిలోనూ ఒకేలా ఊరుతున్నాయి. ఆమె వంగి ఒకదాంట్లో వేలు పెట్టి, రెండో దాంట్లో పెట్టి చూసింది. గోడ అవతల పొద్దున్న మంద నడిచిన దారి మొదలైంది. చెప్పుల అచ్చులు అందులోకి దిగి, వేల గిట్టల గుర్తుల మధ్య ఉత్తరం వైపు తిరిగాయి.